మూడోదాన్ని పిలవడం

గచ్చిబౌలి దాటాక, గుట్టను పేల్చి కట్టిన మేడ కింద
నేలమాళిగలో మా చలిపెట్టె.
పైన జూలై, వాన, హారన్లు.
లోపల తలకిందులుగా వేలాడే బంగారు పూత తీగలు,
వాటి కొసన గోరంత ముక్క మీద
ఆరు ఎలక్ట్రాన్లు,
పరమ శూన్యానికి పక్క వాటాలో
అద్దెకున్నట్టు.

సిలికాన్ అంటే ఇసుకేగా అంటారు.
ఇసుకే. కానీ ఏరిన ఇసుక.
బియ్యంలో రాళ్ళలాగా
గొణిగే పరమాణువుల్ని ఎవరో, ఎక్కడో ఏరి పారేశారు.
మిగిలిన నిశ్శబ్దంలో
ఒకదానికీ ఇంకోదానికీ ఎడం
వెంట్రుకను వెయ్యిగా చీలిస్తే ఒక చీలిక.

అంత దగ్గర్లో ఒక్కదానికే వినబడేట్టు
ఏం చెప్పగలం?
పిలుపు ఒకటే తీగ వెంట దిగుతుంది. అన్నీ వింటాయి.
నేను మూడోదాన్ని పిలుస్తాను.
రెండోది కూడా తిరుగుతుంది.
పదకొండు రాత్రుల నుంచీ ఇదే.

ఖాదర్ భాయ్,
అఫ్జల్‌గంజ్‌లో వాటర్ కూలర్లు బాగుచేసిన చేతులతో
హీలియం పంపు నాడి చూస్తూ అడుగుతాడు:
"క్యా హువా ఫణి మేడం, మళ్ళ ఇద్దరు లేచిన్రా?"
లేచారు భాయ్.
"మా గల్లీల మున్నా అంటే తొమ్మిదిమంది ఒస్తరు.
మీది నయమే."

మేమూ ఇద్దరమే. నీలవేణి, ఫణివేణి.
ఏడు నిమిషాల తేడా, వారాసిగూడలో రెండు గదులు.
అమ్మ నోట ఒకటే పేరయిపోయాం: నీలఫణీ!
పాలపాకెట్‌కి ఒకరు చాలు, ఇద్దరం ఉరికేవాళ్ళం.
ఎవరు మాట్లాడారో తేల్చుకోలేక
లెక్కల సారు నాలుగు అరచేతులూ వాయగొట్టేవాడు.
దానికి దెబ్బ తగిలితే నీకు నొప్పి పుడుతుందా అని
చుట్టాలు ఆశగా అడిగేవాళ్ళు.
పుట్టేది కాదు.
దాన్ని పిలిస్తే తిరిగేదాన్ని, అంతే.

ఒంటిగంటకి కరెంటు పోయి, జనరేటరు అందుకునేలోగా
తెర మీద గీత ఒకసారి తూలింది.
మళ్ళీ మొదలు.
గొంతు తగ్గించి పిలిచాను.
పిలుపు అంచులు అరగదీసి, గుండ్రం చేసి పిలిచాను.
ఎక్కువసేపు, తక్కువసేపు.
రెండోది బుద్ధిగా తిరుగుతూనే ఉంది,
తప్పు దానిది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది
మాడు మీద ఒక బరువు.
జడలు వేసే పొద్దుల్లో అమ్మ గొంతు మార్చేది కాదు.
నూనె చెయ్యి ముందు నా నెత్తిన పెట్టి
తర్వాత అనేది, ఇటు తిరుగు.
ఇద్దరమూ వినేవాళ్ళం.
నేనే తిరిగేదాన్ని.

పిలుపును వదిలేశాను. చెయ్యి సంగతి చూశాను.
మూడోదాని నెత్తి మీది అల్యూమినియం గీతకి
మిల్లీవోల్టులో ఒక తునక, ఇంకో తునక.
దాని శ్రుతి వెంట్రుకవాసి జరిగింది.
పక్కదానికీ కాస్త సోకింది. సోకినంత మేరా
దాని గీత మీద వెనక్కి లాగాను,
నీలని అమ్మ మోకాళ్ళ మధ్య అదిమిపట్టినట్టు.
ఇక అదే పిలుపు. పాతదే.

మూడూ నలభై.
గీత లేచింది, పడింది, లేచింది.
మూడోది తిరుగుతోంది.
రెండోది వింది. కదల్లేదు.

ఇది ఒక్కసారి చూసిన సంగతి కాదు.
చూసిన క్షణమే అది ఏదో ఒకటిగా గడ్డకడుతుంది;
పిలిచి, చూసి, చెడగొట్టి, మళ్ళీ పిలిచి
వేలసార్లకి ఒక గీత.

"లక్షలల్ల కావాలంటరు గద మేడం?"
అవును భాయ్. లక్ష తలలు, ఒక్కోదాని మీద ఒక చెయ్యి.
అన్ని తీగలు ఇంత చలిలోకి ఎట్లా దిగుతాయో
నాకు తెలీదు.
అతను తువ్వాలుతో పైపు చెమట తుడిచాడు.

లాగ్‌బుక్‌లో రాశాను:
మూడు తిరిగింది. రెండు తిరగలేదు.
తర్వాత వోల్టేజి దించాను, చాలా నెమ్మదిగా.
గబుక్కున తీస్తే ఉలిక్కిపడి మరిచిపోతుంది.

అమ్మ చెయ్యి పెట్టడం గుర్తుంది.
ఎప్పుడు తీసేదో
ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు.